పద్నాలుగో మోరీ దగ్గర

మా చింతామణి నుంచి ఇద్దరు యువకులు ఈ మధ్య రైల్వేలో పట్టాల బాగోగులు చూసే వే ఇన్‌స్పెక్టర్లుగా ఎంపికయ్యారు. ఉద్యోగంలో చేరబోయే ముందు మా ఇంటికి వచ్చి, "మీరు అన్నేండ్లు చేసినారు కదప్పా, ఆ పని ఎట్లుంటాదో చెప్పండి" అని అడిగారు. గంటసేపు ఏదో చెప్పాను. వాళ్ళు వెళ్ళిపోయాక, చెప్పవలసినది చెప్పలేదని అనిపించింది. పట్టాల మధ్య ఎడం ఎంత ఉండాలి, వంపు దగ్గర ఎత్తు ఎంత ఉండాలి, కంకర ఎంత లోతు వేయాలి, ఇవన్నీ వాళ్ళకు శిక్షణలో నేర్పుతారు. అక్కడ నేర్పనివి కొన్ని ఉన్నాయి. వాటిని ఇక్కడ రాస్తున్నాను.

బండి నడిపేది డ్రైవరు. జెండా ఊపేది గార్డు. ఆ బండి కింద ఉన్న పట్టా, పట్టాను మోసే స్లీపరు దుంగ, కంకర, మట్టి, వంతెన, మోరీ మన బాధ్యత. కట్ట బాగున్నంత కాలం మనం ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు. చెడిన రోజు మాత్రం అందరికీ మన పేరు కావాలి. నాకు ఏ హోదా ఎప్పుడు వచ్చిందో, ఎక్కడెక్కడికి బదిలీ అయ్యానో రాయను. అవి ఎవరికీ పనికిరావు.

నడిచి చూడు

మాది చింతామణిలో వ్యాపారం చేసుకునే కుటుంబం. మా నాయన వేరుసెనగ మండీలో కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. పంతొమ్మిదివందల ముప్పైల్లో, చిక్కబళ్ళాపురం నుంచి చింతామణి మీదుగా పోయే చిన్న రైలు లైనులో చేరాను. ఆ బండి ఎంత నెమ్మదిగా పోయేదంటే, సైకిలు మీద పోయేవాళ్ళు దానితో పందెం కట్టేవాళ్ళు. మా బంధువులు నన్ను బొమ్మరైలు ఉద్యోగి అనేవారు.

నా మొదటి పై అధికారి శ్రీకంఠయ్య. మైసూరు వైపు మనిషి. మాతో మాట్లాడీ మాట్లాడీ మా తెలుగే నేర్చుకున్నాడు. ఆయన పట్టాల మీద తోసుకుపోయే ట్రాలీ ఎక్కేవాడు కాదు. గొడుగు పట్టుకుని లైను పొడుగునా నడిచేవాడు. "ట్రాలీలో పోతే పట్టా కనిపిస్తాది. నడిస్తే పట్టా కింద ఏముండాదో కనిపిస్తాది" అనేవాడు. నాకు అది ముసలితనపు చాదస్తంగా తోచేది.

రెండో ఏట వానలకు ముందు మోరీలు చూసి రమ్మని నన్ను పంపాడు. మోరీ అంటే కట్ట కింద వాగునీళ్ళు పోయే చిన్న దారి. అటూ ఇటూ ఇటుక గోడలు, పైన రెండు దూలాలు. నేను ట్రాలీ మీద ఒక పూటలో అన్నీ చుట్టేసి, బాగున్నాయని చెప్పాను. పది రోజులకు పెద్దవాన పడింది. ఒక మోరీ గోడ వెనక మట్టి మొత్తం కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. మా గ్యాంగు మేస్త్రీ ఆదెప్ప ముందే చూసి ఎర్రజెండాతో బండిని ఆపాడు కాబట్టి ప్రాణాలు మిగిలాయి.

ఆదెప్ప బాగేపల్లి పక్కన గూళూరు వాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆ రోజు వానలో తడుస్తూ నాతో అన్నాడు:

"మొన్నటి జల్లుకే నీళ్ళు గోడ వెనక దారి జేసుకున్యాయప్పా. చెప్దామని చెయ్యి ఎత్తితిని. నువ్వు ట్రాలీలో జుయ్యిమని పోతివి."

శ్రీకంఠయ్య నెల రోజులు ట్రాలీ తాళం తన దగ్గర పెట్టుకున్నాడు. నేను నడిచాను. లైను ఎక్కడ తెగుతుందో అప్పుడు అర్థమైంది. పెద్ద వంతెన మీద అందరి కన్నూ ఉంటుంది. ఎవరూ చూడని చిన్న మోరీ దగ్గరే ప్రమాదం.

వరసగా పేర్చిన బోల్టులు

నలభైరెండులో దేశమంతా అట్టుడికినట్టు ఉంది. మా వైపు కూడా బడులు మూతపడ్డాయి, ఊరేగింపులు జరిగాయి. ఒక ఉదయం చింతామణికి మూడు మైళ్ళ దూరంలో బండి ఆగిపోయిందని కబురు వచ్చింది.

వెళ్ళి చూస్తే, పట్టాల కొసలను కలిపి పట్టుకునే ఇనుప పలకలు ఊడదీసి ఉన్నాయి. వాటిని ఫిష్‌ప్లేట్లు అంటాం. పట్టాలను గడ్డపారతో పక్కకు జరిపారు. అయితే అటు అరమైలు దూరాన, ఇటు అరమైలు దూరాన పట్టాల మధ్య కర్రలు నాటి ఎర్రగుడ్డలు కట్టారు. డ్రైవరు ఆ గుడ్డ చూసే ఆపాడు. ఎవరికీ గీత కూడా పడలేదు.

నన్ను ఆశ్చర్యపరచింది ఇంకొకటి. తీసిన ఎనిమిది బోల్టులూ వాటి నట్లూ ఒక స్లీపరు మీద వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్క నట్టు మూల కూడా అరగలేదు. కొలతకు సరిపోని రెంచితో తిప్పితే మూలలు చితికిపోతాయి. ఇది కొలిచి చేసిన రెంచి. పక్కన గడ్డిలో వెతికితే దొరికింది. చేత్తో సాగగొట్టిన ఇనుము. చింతామణిలో ఇనుమును అంత సాఫుగా కొట్టే మనిషి ఒక్కడే ఉన్నాడు. సంతబయలు పక్కన కొలిమి పెట్టుకున్న కమ్మరి కదిరప్ప. మా గ్యాంగు పికాసులకు మొన పెట్టేదీ అతనే.

రెంచిని సంచిలో వేసుకున్నాను. పోలీసులు అడిగితే ఏమీ దొరకలేదన్నాను. శ్రీకంఠయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"ఎవరో నీకు తెలుసు కదా?"

"తెలీదు సార్."

ఆయన నా సంచి వైపు కాసేపు చూశాడు. "తెలీకపోతే తెలీదు. పద, పట్టాలు బిగించాల" అన్నాడు.

లైనును కాపాడడానికి నియమించిన మనిషిని నేను. దాన్ని విప్పినవాణ్ణి దాచాను. ఈ రోజు అడిగినా మళ్ళీ అదే చేస్తాను. కొత్తగా చేరేవాళ్ళకు ఇది నచ్చకపోవచ్చు. నచ్చమని నేను అడగను. కానీ ఆ రోజు చూసిన మరో విషయం మాత్రం గుర్తుంచుకోండి. ఇద్దరు మనుషులు, ఒక రెంచి, ఒక గడ్డపార ఉంటే అరగంటలో రైలుదారి చచ్చిపోతుంది.

కొలిమి దగ్గర

మరుసటి సంవత్సరం అస్సాం సరిహద్దు లైనుకు మనుషులు కావాలని అన్ని లైన్లకూ కబురు వచ్చింది. బర్మా అప్పటికే జపాను సైన్యం చేతిలో ఉంది. నేను పేరిచ్చాను. దేశభక్తితో అని చెప్పను. బొమ్మరైలు అన్న మాట పడీ పడీ విసిగిపోయి, అసలైన లైను ఒకటి చూడాలనుకున్నాను. ఆదెప్ప బాగేపల్లి, గూళూరు, గుడిబండె వైపు నుంచి ముప్పైఆరు మందిని కూడగట్టాడు. ఆ ఏడు ఆ వైపు వానలు లేవు.

నాకు కమ్మరి కావాలి. కదిరప్ప కొలిమికి వెళ్ళి, ఆ రెంచి తీసి దాగలి మీద పెట్టాను. తిత్తి ఊదడం ఆపేశాడు.

"పోలీసోల్లు యాడ ఉండారు?"

"పోలీసోల్లు లేరు. నేనొగడ్నే వచ్చినా. అస్సాంకు పోతాండాము. కమ్మరి కావాల."

అతను నా ముఖం చూశాడు. "తెల్లోడి బండి నిలిపినోన్ని, తెల్లోడి బండ్లు నడిపేదానికి రమ్మంటాండావా?"

"అవును."

"రాకపోతే ఇది పోలీసోల్లకు ఇస్తావు."

"ఇయ్యను. నీ వస్తువు నీకు ఇచ్చి పోదామని తెచ్చినా. వస్తే రా, లేకుంటే లేదు."

మూడు రోజుల తర్వాత మేము చిక్కబళ్ళాపురంలో బండి ఎక్కుతుంటే, అతను గోనెసంచిలో సుత్తులు వేసుకుని వచ్చి మా పెట్టెలో కూర్చున్నాడు. ఎందుకు వచ్చాడో నేను అడగలేదు.

ఒకే లైను

అస్సాంలో మాకు అప్పగించింది పద్దెనిమిది మైళ్ళు. ఒకే జత పట్టాలు. తూర్పున కొండలు, కొండల వెనక బర్మా. ఆ కొండల్లో పోరాడుతున్న సైన్యానికి తిండి, పెట్రోలు, గుండ్లు, మందులు అన్నీ ఈ ఒక్క లైను మీదే రావాలి. గాయపడినవాళ్ళు ఈ లైను మీదే వెనక్కి పోవాలి. కొన్ని చోట్ల కట్ట మీద నిలబడితే కొండల పాదం కళ్ళకు స్పష్టంగా కనిపించేది. శత్రువు ఆ కొండలు దిగితే ఒక పూట నడకలో పట్టాల మీద ఉంటాడు.

లైను రక్షణ ఒక ఇంగ్లీషు మేజరు చేతిలో ఉండేది. మా భాగంలో ఒక పెద్ద వంతెన, ఇరవైమూడు మోరీలు ఉన్నాయి. వంతెనకు ఇసుక బస్తాలు, ముళ్ళకంచె, మరతుపాకులు, నలభై మంది సిపాయిలు. మోరీలకు ఒక్కడూ లేడు. ఈ మాటే మేజరుతో అన్నాను.

"వంతెన పోతే బాగుచేయడానికి నెలలు పడుతుంది. మోరీ పోతే ఒక రోజు పని. నా మనుషులను ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు" అన్నాడు.

"ఆ ఒక రోజే వాళ్ళకు కావలసింది కావచ్చు" అన్నాను.

"మీరు రాళ్ళూ స్లీపర్లూ చూసుకోండి."

అతను చెడ్డవాడు కాదు, పిరికివాడూ కాదు. పటం మీద పెద్దగా గీసినదే అతనికి పెద్దది. మీకూ ఇలాంటి అధికారులు దొరుకుతారు, మన భాష మాట్లాడేవాళ్ళలో కూడా.

చేరిన మొదటి వారమే కదిరప్పను వెంటపెట్టుకుని పద్దెనిమిది మైళ్ళూ నడిచాను. "నువ్వయితే యాడ విప్పుతావు?" అని అడిగాను. అతను నవ్వలేదు. రెండు రోజులు చూసుకుంటూ నడిచి, పద్నాలుగో మోరీ దగ్గర ఆగాడు.

"నేనైతే ఈడ జేస్తా. వంపు ఉండాది, డ్రైవరుకు దూరం నుంచి కనపడదు. ఏనుగు గడ్డి కట్ట దాకా వచ్చినాది. కింద నీళ్ళు మోగుతాండాయి, సుత్తి దెబ్బ వినపడదు."

ఆ రోజే అతన్ని కీమ్యాన్‌గా వేసుకున్నాను. రోజూ లైను నడిచి ప్రతి బోల్టూ చూసేవాణ్ణి కీమ్యాన్ అంటారు. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన నియామకాలలో మంచిది అదే.

మోరీల కాపలాకు ఉపాయం చెప్పింది ఆదెప్ప. "మా శెనక్కాయ చేన్లకు అడివిపందులు వస్తాయి కదప్పా. చేను సుట్టూ మట్టి దువ్వి పెడతాము. పొద్దున్నే పోయి జూస్తే ఎన్ని వచ్చినాయో, యాడ నుంచి వచ్చినాయో తెలుస్తాది. ఈడ కూడా దువ్వుదాం." కదిరప్ప పాత మేకులతో దంతెలు చేశాడు. ప్రతి మోరీ చుట్టూ పది మూరల మేర గడ్డి కోసి, సాయంత్రం మట్టి దువ్వి, పొద్దున చూసేవాళ్ళం.

ఇంకో పని కూడా చేశాను. గోదాములో ఉండవలసిన పట్టాలు, స్లీపర్లు, ఫిష్‌ప్లేట్లు కొన్ని తెచ్చి మూడు చోట్ల గడ్డి కింద దాచాను. ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారు.

నేను తప్పిన చోటు

నలభైనాలుగు వసంతంలో జపాను సైన్యం సరిహద్దు దాటి కొండల్లోకి వచ్చింది. రోజుకొక వదంతి. స్టేషను చుట్టుపక్కల కూలీలు మూటలు కట్టుకుని వెళ్ళిపోసాగారు. ఒక ఉదయం కదిరప్ప పరుగున వచ్చాడు. పద్నాలుగో మోరీ దగ్గర దువ్విన మట్టిలో పది పన్నెండు మంది అడుగులు ఉన్నాయి. చెప్పులు లేని కాళ్ళు.

నేను రెండు వైపులా బండ్లు ఆపించాను. సిపాయిలు వచ్చి మూడు గంటలు వెతికారు. ఏమీ లేదు. మధ్యాహ్నం పక్క పల్లె నుంచి ఆడవాళ్ళు బుట్టలతో వచ్చారు. మోరీ కింద మడుగులో చేపలు పట్టడానికి. నిన్న సాయంత్రం వచ్చింది కూడా తామేనని చెప్పారు.

మేజరు మా గ్యాంగు అందరి ముందూ నాతో అన్నాడు: "మూడు గంటలు సైన్యం బండ్లు ఆపారు. మీ పందుల విద్య మీ పొలాల్లో చూపించుకోండి. ఇకమీదట ఈ మట్టి దువ్వడం లేదు. ఆ మనుషులందరినీ స్టేషను యార్డులో కంకర పనికి పెట్టండి."

నాకు తల కొట్టేసినట్టయింది. సరేనన్నాను.

ఆదెప్ప ఆ సాయంత్రం వచ్చి, "ఒగ దినం తప్పైతే రోజూ తప్పేనా అప్పా? అడుగులు ఉండేది నిజమే కదా. మనం జూసింది నిజమే కదా" అన్నాడు.

"చెప్పిన పని చెయ్యండి" అన్నాను. అతనితో అంత కటువుగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మోరీని ట్రాలీ మీద చూడడం తెలియక చేసిన తప్పు. ఇది తెలిసి చేసినది. ఆ కాపలా అవసరమని నాకు తెలుసు. నలుగురిలో చిన్నబోయానన్న సిగ్గుతో దాన్ని వదిలేశాను. ఈ వ్యాసంలో ఇంకేది మరచిపోయినా ఇది మరచిపోకండి. అనవసరంగా బండి ఆపారని మిమ్మల్ని తిడతారు. తిట్టనివ్వండి. మళ్ళీ అనుమానం వస్తే మళ్ళీ ఆపండి.

ఆ ఉదయం

నాలుగు రోజుల తర్వాత, తెల్లవారి బాగా వెలుగు వచ్చాక, యార్డులో ఉండగా పెద్ద పేలుడు వినిపించింది. పద్నాలుగో మోరీ వైపు నుంచే. అంతకు కొద్ది నిమిషాల ముందే గాయపడిన సిపాయిలతో ఆసుపత్రి బండి ఒకటి ఆ వైపు వెళ్ళింది.

నేనూ ఆదెప్పా ట్రాలీ తోసుకుంటూ వెళ్ళాం. ఆ దారి పొడుగునా నేను ఏం అనుకున్నానో రాయలేను. వంపు తిరగగానే బండి కనిపించింది. పట్టాల మీదే, నిలువుగా, ఆగి ఉంది. ఇంజనుకు ముందు కొంత దూరాన మోరీ ఉండవలసిన చోట గుంట, పట్టాలు వంకర తిరిగి లేచి ఉన్నాయి. మధ్యలో కంకర మీద కదిరప్ప పడి ఉన్నాడు. ఎర్రజెండా ఇంకా చేతిలోనే ఉంది. ఎడమకాలు మోకాలి కింద నుజ్జయిపోయింది.

యార్డు పనికి పంపినా అతను రోజూ పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా పద్నాలుగో మోరీ దాకా నడిచి వస్తున్నాడట. ఆ రోజు గోడ పక్కన కొత్తగా తవ్విన మట్టి చూశాడు. బండి శబ్దం అప్పటికే వినిపిస్తోంది. జెండా పట్టుకుని దానికి ఎదురు పరుగెత్తాడు. డ్రైవరు ఆపాడు. గడ్డిలో దాగి ఉన్నవాళ్ళు, బండి ఇక మోరీ మీదికి రాదని తెలిసి మందుగుండు పేల్చేశారు. ఎగిరి వచ్చిన రాయి కాలికి తగిలింది. వాళ్ళెవరో ఎవరికీ చిక్కలేదు. వచ్చినది జపాను వాళ్ళా, వాళ్ళు పంపిన మనుషులా, నాకు ఈనాటికీ తెలియదు.

అతని పక్కన కూర్చుని, "ఎందుకు పోయినావు కదిరప్పా, వద్దన్యారు కదా" అన్నాను.

"ఆ జాగా నాకు తెలుసు కదప్పా" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు: "ఆ పొద్దు నేను ఎర్రగుడ్డ కట్టినా. వీల్లు కట్టలే."

బండిలోని డాక్టరు అతన్ని లోపలికి తీసుకుపోయాడు. కాలు తీసేయాలని చెప్పాడు. ఇంకా, బండిలో నూటికి పైగా మంది ఉన్నారని, వాళ్ళలో కొందరు ఈ రోజు పెద్దాసుపత్రికి చేరకపోతే బతకరని కూడా చెప్పాడు.

అప్పుడే మేజరు జీపులో వచ్చాడు. మిగిలిన గ్యాంగు కూడా నడిచి చేరుకుంది. ఆయన గుంటను చూశాడు, కొండల వైపు చూశాడు.

"మీ మనుషులను తీసుకుని లారీల దగ్గరికి వెళ్ళండి. వెనక్కి పంపేస్తున్నాం. మళ్ళీ దాడి జరగవచ్చు."

"మరి బండిలో ఉన్నవాళ్ళు?"

"స్ట్రెచర్ల మీద దించి లారీలు దొరికినప్పుడు పంపుతాం. సామగ్రి తెచ్చి మోరీ కట్టేసరికి రేపవుతుంది."

"సామగ్రి ఇక్కడే ఉంది. సాయంత్రానికి బండి దాటిస్తాను."

"ఇది ఆజ్ఞ."

నేను గ్యాంగు వైపు తిరిగి ఆయన చెప్పింది మన భాషలో ఉన్నదున్నట్టు చెప్పాను. మళ్ళీ దాడి రావచ్చన్న మాట దాచలేదు. పోయేవాళ్ళు పోవచ్చని, ఎవరినీ ఏమీ అననని చెప్పాను.

ఎవరూ కదలలేదు. ఆదెప్ప తలగుడ్డ విప్పి నడుముకు బిగించుకుంటూ అన్నాడు: "బండి నిలబడుకోని ఉండాది. కదిరప్ప దాంట్లో ఉండాడు. ఇంగ యాడికి పోయేది? ఆయప్పకు చెప్పు, జీపు పక్కకు తీయమని. స్లీపర్లు మోసేదానికి అడ్డం ఉండాది."

నేను మేజరుతో, "మా వాళ్ళు జీపు పక్కకు తీయమంటున్నారు" అన్నాను. నా మీద రాతపూర్వకంగా చర్య తీసుకుంటానన్నాడు. తీసుకోమన్నాను. ఆయన జీపు తీయించాడు. సిపాయిలను మా చుట్టూ గడ్డిలో కాపలా పెట్టాడు. ఆ మేరకు ఆయన మంచి కూడా చెప్పాలి.

ఇంకో మందుగుండు లేదని వెతికి చూసుకునే దాకా ఎవరినీ గుంటలోకి దిగనివ్వలేదు. తర్వాత విరిగిన ఇటుక తోడి పారేశారు. గడ్డి కింద దాచిన స్లీపర్లను ఇద్దరిద్దరుగా భుజాన మోసుకొచ్చి, ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా గుంట అడుగు నుంచి పేర్చుకుంటూ వచ్చారు. వంకరపోయిన పట్టాలు తీసేసి కొత్తవి ఎక్కించారు. బోల్టులు బిగించే వేళకు రైల్వే రెంచి ఒకటి విరిగింది. ఆదెప్ప కట్ట మీద పడి ఉన్న కదిరప్ప సంచి తెరిచి, చింతామణి నుంచి తెచ్చి ఇక్కడి నట్ల కొలతకు మళ్ళీ కొట్టుకున్న ఆ పాత రెంచి తీసి నాకిచ్చాడు. అది ప్రతి నట్టుకూ చక్కగా పట్టింది.

రెండుసార్లు కొండల వైపు తుపాకులు మోగాయి. రెండుసార్లూ మనుషులు తల ఎత్తి చూసి మళ్ళీ వంగారు. ఎండ వాలేసరికి పని అయింది. నేను ఇంజను ముందు నడిచాను, డ్రైవరు నా నడక వేగానికి బండిని తెచ్చాడు. స్లీపర్ల పేర్పు చక్రాల కింద కిర్రుమంది. నిలిచింది. ఒక్కొక్క పెట్టే దాటిపోతుంటే కిటికీల్లో కట్లు కట్టిన ముఖాలు కనిపించాయి. అన్ని దేశాల ముఖాలూ ఉన్నాయి. ఎవరూ కేకలు వేయలేదు. ఒక పంజాబీ సిపాయి మాత్రం మా వాళ్ళకు చెయ్యెత్తి సలాము చేశాడు. కదిరప్ప ఏ పెట్టెలో ఉన్నాడో నాకు కనబడలేదు.

సంతకం పెట్టలేదు

వారం తర్వాత మేజరు నివేదిక తెచ్చాడు. కాపలా సిపాయిలు మందుగుండును కనిపెట్టి బండిని ఆపారని ఉంది. నా మీద చర్య ఊసు లేదు. సంతకం పెడితే రెండు వైపులా సరిపోతుందన్నాడు. బండిని ఆపిన మనిషి పేరు రాసేదాకా పెట్టనన్నాను. ఆయన రాయలేదు, నేను పెట్టలేదు. అది అలాగే పైకి పోయిందని తర్వాత విన్నాను. కానీ నివేదిక తెచ్చిన మర్నాటి నుంచే ఇరవైమూడు మోరీల దగ్గరా సిపాయిలు నిలబడ్డారు. మట్టి దువ్వడం మళ్ళీ మొదలైంది. ఈసారి ఎవరూ వద్దనలేదు. మా పద్దెనిమిది మైళ్ళలో లైను మళ్ళీ తెగలేదు.

మా వాళ్ళలో ఇద్దరు, గుడిబండె మునియప్ప, బాగేపల్లి నరసింహులు, చలిజ్వరంతో అక్కడే పోయారు. తిరిగి వచ్చాక వాళ్ళ ఇళ్ళకు నేనే వెళ్ళి చెప్పాను. ఈ ఉద్యోగంలో అంతకంటే కష్టమైన పని నాకు ఇంకోటి లేదు.

గేటు

కదిరప్ప ఆసుపత్రుల్లో ఏడాది తిరిగి చంకకర్రతో చింతామణి చేరాడు. ఒంటికాలితో కొలిమి పని కుదరలేదు. చింతామణి బయట రోడ్డు పట్టాలు దాటే చోట గేటు దగ్గర మనిషి కావాలి. నేను అతన్ని పెట్టాను. ఒంటికాలి మనిషిని పెట్టకూడదని నిబంధన ఉంది. గేటు తీయడానికీ వేయడానికీ చేతులు చాలునని నాకు తెలుసు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పై ఇంజనీరు ఒకాయన తనిఖీకి వచ్చాడు. మన దేశస్థుడే, చురుకైన మనిషి. గేటు సంగతి ఎవరో చేరవేశారు. "ఆ కుంటివాణ్ణి ఈ రోజే తీసేయండి. నేను స్వయంగా చూస్తాను" అని నన్ను కారులో ఎక్కించుకుని బయలుదేరాడు.

మేము చేరేసరికి గేటు వేసి ఉంది. డ్రైవరు హారను కొట్టాడు. కదిరప్ప జెండా పట్టుకుని, చంకకర్ర ఆనుకుని, పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. తల తిప్పలేదు. డ్రైవరు దిగి, లోపల పెద్ద ఇంజనీరుగారు ఉన్నారని, గేటు తీయమని గట్టిగా చెప్పాడు.

"బండి వస్తాండాది. నిలబడుకోండి" అన్నాడు కదిరప్ప.

బండి ఇంకా కనపడలేదు. మా లైను బండి నెమ్మది సంగతి ముందే చెప్పాను. ఇంజనీరు కారు దిగి తానే గేటు దగ్గరికి వెళ్ళాడు. తానెవరో చెప్పాడు. కదిరప్ప నమస్కారం పెట్టాడు. గేటు తీయలేదు. ఇంజనీరు నా వైపు చూశాడు. నేనూ పట్టాల వైపు తిరిగాను.

ఎండలో అలా చాలాసేపు నిలబడ్డాం. చివరికి పొగ కనిపించింది, బండి వచ్చింది, సాగి సాగి దాటిపోయింది. కదిరప్ప గార్డుకు జెండా చూపి, చుట్టి, కర్ర మీద గెంతుతూ వెళ్ళి ముందు ఒక గేటు, తర్వాత ఇంకో గేటు తీశాడు. ఎక్కడా తడబడలేదు.

ఇంజనీరు కారు ఎక్కబోతూ ఆగి, "ఆ కాలు ఎట్లా పోయింది?" అని అడిగాడు.

"బండి నిలిపేటప్పుడు పోయినాది సార్" అన్నాడు కదిరప్ప.

కారు కదిలింది. కదిరప్పను తీసేయమనే కాగితం ఆ సాయంత్రం రాలేదు, ఆ తర్వాతా రాలేదు. వచ్చి ఉంటే నేను చించేసేవాణ్ణి.